కొందరికి పాతది, కొందరికి కొత్తది, కొందరికి ఏదీ లేదు: బరంపురం పట్టు దుకాణం నేమ్ సర్వర్ల మార్పిడి

గంజాం జిల్లా బరంపురంలో పట్టుచీరలు నేయించి అమ్మే ఒక కుటుంబానికి కొన్నేళ్ళుగా వెబ్‌సైటు పనులు చూస్తున్నాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే కుటుంబం అది. దుకాణానికి వచ్చి కొనేవారు చుట్టుపక్కల ఊళ్ళవారే అయినా, వెబ్‌సైటులో కొనేవారిలో ఎక్కువమంది ఇచ్ఛాపురం, విశాఖపట్నం, హైదరాబాదు వైపు వారు, పని కోసం సూరతు వెళ్ళి స్థిరపడ్డ గంజాం వారు. ఊళ్ళో పెళ్ళి అంటే ఫొడ కుంభ అంచు చీర ఇక్కడినుంచే రావాలనుకునే కుటుంబాలవి. మాఘమాసపు పెళ్ళిళ్ళకు మూడు వారాల ముందు ఆ వెబ్‌సైటును పాత హోస్టింగు (సైటును ఉంచే అద్దె సర్వరు) నుంచి కొత్త హోస్టింగుకు మార్చాం. సైటు నిదానంగా తెరుచుకుంటోందన్నది కారణం. ఆ మార్పిడిలో నేను చేసిన ఒక తప్పు వల్ల సుమారు ఒకటిన్నర రోజు పాటు కొందరు కొనుగోలుదారులకు దుకాణం తలుపు మూసినట్టే అయింది. ఏం జరిగిందో, ఎలా కనిపెట్టామో, ఇప్పుడు ఏ వరసలో చేస్తున్నామో ఈ పని చేసే మిగతావారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. దుకాణం పేరు, రెండు హోస్టింగు సంస్థల పేర్లు ఇక్కడ అవసరం లేదు. డొమైన్, అంటే సైటు పేరు, మాత్రం డాట్ కామ్ అని గుర్తుంచుకుంటే చాలు, ఎందుకంటే లెక్కలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

ముందుగా దారి సంగతి కొంత చెప్పాలి. ఫోనులో సైటు పేరు కొట్టగానే ఫోను నేరుగా ఆ సైటుకు వెళ్ళదు. పేరుకు తగిన ఐపీ చిరునామా ఏమిటని ఒక రిజాల్వరును అడుగుతుంది. ఆ రిజాల్వరు సాధారణంగా ఇంటర్నెట్ ఇచ్చే సంస్థది అయివుంటుంది, లేదా మనం ఎంచుకున్న గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 వంటిది కావచ్చు. రిజాల్వరుకు జవాబు ముందే తెలియకపోతే అది రూట్ సర్వర్లను అడుగుతుంది. వాటి పేర్లు 13, ఇంగ్లీషు అక్షరాలలో ఏ నుంచి ఎమ్ వరకు. ఒక్కొక్క పేరు వెనక ప్రపంచమంతటా అనేక యంత్రాలు ఉంటాయి. రూట్ సర్వరుకు పట్టు దుకాణం ఎక్కడుందో తెలియదు, డాట్ కామ్ సంగతి ఎవరిని అడగాలో మాత్రమే తెలుసు. డాట్ కామ్ రిజిస్ట్రీని నడిపే వెరిసైన్ సర్వర్లకూ దుకాణం చిరునామా తెలియదు, ఈ డొమైనుకు నేమ్ సర్వర్లు ఫలానావి అని మాత్రమే అవి చెబుతాయి. చివరికి ఆ నేమ్ సర్వరు ఒక్కటే 'ఏ' (A) అనే రికార్డు చూపించి అసలు చిరునామా ఇస్తుంది. బరంపురం స్టేషనులో దిగి ఫలానావారి మగ్గం ఎక్కడని అడిగితే రిక్షా అతను పేట పేరు చెప్పి ఊరుకుంటాడు, పేటలో అడిగితే వీధి చూపిస్తారు, వీధిలోవారు గుమ్మం చూపిస్తారు. ఎవరికీ మొత్తం దారి తెలియనక్కర లేదు, తన తరువాత ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

డీఎన్ఎస్ (డొమైన్ నేమ్ సిస్టమ్) అనే ఈ ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. అంతకుముందు నెట్‌వర్కులోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దానిని నిర్వహిస్తుంటే, మిగతావారంతా ఎప్పటికప్పుడు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి భారమైంది. 1987లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1034, 1035 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలే నేటికీ దీనికి పునాది. వాటిలోని రెండు నియమాలు మా కేసుకు ప్రాణం. మొదటిది, ప్రతి అంచెలోని సర్వరు తన కింది అంచెను వేరేవారికి అప్పగిస్తుంది. రెండవది, వచ్చిన జవాబును రిజాల్వరు కొంతకాలం గుర్తుంచుకోవచ్చు. ఎంతకాలమో జవాబుతోపాటే సెకన్లలో వస్తుంది. దానినే టీటీఎల్ అంటాం. డాట్ కామ్ సర్వర్లు నేమ్ సర్వర్ల పేర్లు చెప్పేటప్పుడు ఇచ్చే గడువు 1,72,800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు.

గురువారం రాత్రి 10 గంటలకు, కొత్త హోస్టింగులో సైటు మొత్తం సిద్ధంగా ఉందని చూసుకుని, డొమైనును నమోదు చేసిపెట్టే సంస్థ అయిన రిజిస్ట్రారు దగ్గర పాత నేమ్ సర్వర్ల పేర్లు తీసేసి కొత్తవి పెట్టాను. కొత్త సంస్థవారు పంపిన సూచనల్లోనూ ఉన్నది ఆ ఒక్క మాటే: నేమ్ సర్వర్లు మార్చండి, 48 గంటల్లో అంతా సర్దుకుంటుంది.

శుక్రవారం పొద్దున దుకాణంలోని బ్రాడ్‌బ్యాండులో కొత్త సైటు చక్కగా కనిపించింది. పెద్దాయన సంతోషించారు. పది గంటలకు ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ ఫోను చేసి ఒక చీర ధర అడిగారు. ఆవిడ చెప్పిన ధర పాత సైటులోది. పదకొండుకు హైదరాబాదు నుంచి ఒకరు సైటే తెరుచుకోవడం లేదన్నారు. ఆ తరువాత సూరతు నుంచి ఇద్దరు అదే చెప్పారు. పెద్దాయన నాకు ఫోను చేసి, "ఏం బాబూ, మాకు కనిపిస్తోంది, వాళ్ళకి లేదంటున్నారు, ఏటిది?" అని అడిగారు. కొత్త నేమ్ సర్వర్ల సమాచారం అందరికీ చేరడానికి రెండు రోజులు పడుతుందని, శనివారం రాత్రికి సర్దుకుంటుందని చెప్పాను. ఈ రంగంలో ఉన్న మేమందరం నోటికి వచ్చినట్టుగా చెప్పే జవాబు అది. ఆ జవాబు ఇచ్చినందువల్ల నాలుగు గంటలు ఊరికే పోయాయి.

మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. చీరలు పరిచి చూపించే తెల్లదుప్పటి మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి పెద్దాయనది, దుకాణం వైఫైలో ఉంది. రెండవది ఆన్‌లైన్ ఆర్డర్లు చూసుకునే కోడలుగారిది, వైఫై తీసేసి మొబైల్ డేటాలో ఉంచారు. మొదటి తెర మీద ఎర్రటి అంచు చీర పెద్దగా కనిపిస్తోంది. రెండవ తెర మీద ఈ సైటును చేరుకోలేకపోతున్నామన్న బూడిదరంగు అక్షరాలు తప్ప ఏమీ లేవు. ఒకే గదిలో, చెయ్యి పట్టేంత దూరంలో రెండు జవాబులు. కోడలుగారు నన్ను అడిగిన ప్రశ్నే ఈ కేసును మలుపు తిప్పింది. "అన్నయ్యా, కొత్త సంగతి ఇంకా చేరలేదంటే పాతదైనా కనిపించాలి కదా? పాత సైటు ఇంకా తీసెయ్యలేదని మీరే అన్నారు. మరి నాకు పాతదీ రాదేం?"

ఆమె ప్రశ్న అక్షరాలా సరైనది. నేమ్ సర్వర్ల మార్పు ఎవరికీ "చేరదు". కొత్త సమాచారాన్ని ఎవరూ ఎవరికీ పంపరు. కాలువలో నీరు పారినట్టు ఒక చోటినుంచి ఇంకో చోటికి ప్రవహించేది ఏదీ లేదు. రిజాల్వరు దగ్గర పాత జవాబు గడువు తీరేవరకు ఉంటుంది, తీరాక అదే మళ్ళీ వచ్చి అడుగుతుంది. కాబట్టి పాత జవాబు ఉన్నవారికి పాత సైటు కనిపించాలి, గడువు తీరినవారికి కొత్త సైటు కనిపించాలి. రెండు సర్వర్లూ పని చేస్తున్నప్పుడు ఏదీ కనిపించని మూడో వర్గం ఉండకూడదు. ఆ మూడో వర్గం ఉందంటే కారణం గడువు కాదు, ఇంకొకటి. ఇలా చేరడాన్ని వ్యాప్తి (ప్రాపగేషన్) అంటాం, ఆ మాటను నేను ఇంతకాలం వాడడమే నన్ను ఆ ఆలోచన వరకు పోనివ్వలేదు.

అక్కడే కూర్చుని లాప్‌టాపు తీసి డిగ్ అనే పనిముట్టుతో ఒక్కొక్క అంచెనూ విడిగా అడిగాను. మొదట డాట్ కామ్ సర్వరును నేరుగా అడిగితే కొత్త నేమ్ సర్వర్ల పేర్లే చెప్పింది. అంటే రిజిస్ట్రారు దగ్గర మార్పు సరిగానే జరిగింది. తరువాత కొత్త నేమ్ సర్వరును అడిగితే కొత్త చిరునామా ఇచ్చింది, అదీ సరే. మూడవసారి 8.8.8.8ను అడిగాను. చిరునామా రాలేదు, సర్వ్‌ఫెయిల్ అనే స్థితి వచ్చింది. 1.1.1.1, అలాంటిదే ఇంకొక రిజాల్వరు 9.9.9.9 కూడా అదే చెప్పాయి. ఆ పేరు అసలు లేకపోతే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. సర్వ్‌ఫెయిల్ అంటే రిజాల్వరు అడిగింది, కాని తనకు వచ్చిన జవాబును మనకు ఇవ్వలేకపోయింది అని అర్థం. నాలుగవసారి అదే 8.8.8.8ను, సంతకం సరిచూడవద్దని చెప్పే సీడీ గుర్తు జతచేసి అడిగాను. వెంటనే కొత్త చిరునామా వచ్చింది. కారణం అక్కడ దొరికింది.

ఆ కారణం పేరు డీఎన్ఎస్‌సెక్. డీఎన్ఎస్ తయారైన రోజుల్లో జవాబు నిజమైనదో కాదో సరిచూసే మార్గం లేదు. రిజాల్వరుకు తప్పుడు జవాబు తినిపించి జనాన్ని నకిలీ సైటుకు మళ్ళించడం ఎంత సులువో 2008లో డాన్ కమిన్‌స్కీ బయటపెట్టారు. దానికి విరుగుడుగా జవాబుల మీద డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి అమలును అందరూ వేగిరపరిచారు. 2010 జూలైలో రూట్ మీద, 2011 మార్చిలో డాట్ కామ్ మీద సంతకాలు వచ్చాయి. ఒక డొమైను ఈ పద్ధతిలో చేరితే దాని నేమ్ సర్వరు తన జవాబులన్నింటి మీద తన తాళంతో (డిజిటల్ కీతో) సంతకం పెడుతుంది. ఆ తాళం ఆనవాలు ఒకటి పై అంచెలో, అంటే డాట్ కామ్ దగ్గర, డీఎస్ రికార్డుగా నమోదై ఉంటుంది. సంతకం సరిచూసే రిజాల్వరు డీఎస్ రికార్డు చూసి, ఈ డొమైను జవాబుల మీద సంతకం ఉండి తీరాలని తెలుసుకుంటుంది. సంతకం లేని జవాబు వస్తే అది దొంగ జవాబేనని భావించి పక్కన పడేస్తుంది.

మా డొమైనుకు పాత నేమ్ సర్వర్లలో సంతకం ఉంది. నాకంటే ముందు పని చూసినవారు దాన్ని పెట్టారు, మంచి పనే చేశారు. నేను నేమ్ సర్వర్లు మార్చినప్పుడు డాట్ కామ్ దగ్గర ఉన్న డీఎస్ రికార్డు అలాగే ఉండిపోయింది. కొత్త నేమ్ సర్వర్లలో సంతకమూ లేదు, తాళమూ లేదు. పైన ఉన్న కాగితం సంతకం ఉంటుందని చెబుతోంది, కింద చూస్తే సంతకం లేదు. రిజాల్వర్లు తమ పని తాము సక్రమంగా చేశాయి, తప్పు పూర్తిగా నాదే. నేమ్ సర్వర్లు మార్చే పేజీకి పక్కనే డీఎన్ఎస్‌సెక్ పేజీ ఉంది, దాన్ని నేను తెరిచి చూడలేదు.

దీంతో మూడు వర్గాల లెక్కా కుదిరింది. ఇచ్ఛాపురం ఆవిడ వాడే రిజాల్వరు దగ్గర పాత నేమ్ సర్వర్ల జవాబు ఇంకా గడువులో ఉంది. పాత సంస్థ మా డొమైను రికార్డుల జాబితాను, అంటే జోనును, ఇంకా నడుపుతోంది, సంతకమూ సరిపోతోంది, అందుకే ఆవిడకు పాత ధరతో పాత సైటు కనిపించింది. దుకాణం బ్రాడ్‌బ్యాండు రిజాల్వరు కొత్త నేమ్ సర్వర్లను అడిగింది, సంతకం సరిచూడదు, కాబట్టి అక్కడ కొత్త సైటు వచ్చింది. కోడలుగారి మొబైల్ డేటా, హైదరాబాదు, సూరతు ఫోన్లు సంతకం సరిచూసే రిజాల్వర్లను వాడుతున్నాయి. అవి కొత్త నేమ్ సర్వర్లను అడిగి, సంతకం కనబడక, జవాబును తిప్పికొట్టాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అన్న అమరిక కూడా ఉంటుంది, కాబట్టి ఒకే ఇంట్లో ఒకే వైఫైలో ఉన్న రెండు ఫోన్లు సైతం రెండు రిజాల్వర్లను అడగవచ్చు. "మా ఇంట్లో ఒక ఫోనులో వస్తోంది, ఇంకోదాంట్లో రావడం లేదు" అని ఎవరైనా అంటే వారు పొరపడ్డారని అనుకోకూడదని అప్పటినుంచి నా పనివారికి చెబుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకు రిజిస్ట్రారు దగ్గర డీఎస్ రికార్డును తీసేశాను. కొన్ని నిమిషాల్లోనే డాట్ కామ్ సర్వర్లు డీఎస్ లేదని చెప్పసాగాయి. అయితే ఆ డీఎస్ జవాబుకూ ఒక గడువు ఉంది, 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. అంతకుముందే దాన్ని గుర్తుపెట్టుకున్న రిజాల్వర్లు ఆ రోజు గడిచేవరకు వదలవు. పాత నేమ్ సర్వర్లకు వెనక్కి పోదామా అని కూడా ఆలోచించాను. కాని కొత్త నేమ్ సర్వర్లను గుర్తుపెట్టుకున్న రిజాల్వర్లు వాటినే అడుగుతూ ఉంటాయి గనక, వెనక్కి పోతే నాలుగో వర్గం ఒకటి పుట్టేదే తప్ప ఉన్నది తీరేది కాదు. గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ తమ రిజాల్వర్లు జవాబులను గుర్తుపెట్టుకునే కాష్ నుంచి ఒక పేరును తుడిపించుకోవడానికి ఎవరైనా వాడుకోగల పేజీలు ఇచ్చాయి. అక్కడ మా డొమైనుకు 'ఏ', ఎన్ఎస్ (నేమ్ సర్వర్ల పేర్లు చెప్పేది), డీఎస్ రికార్డులు మూడూ తుడిపించాను. ఆ వెంటనే 8.8.8.8, 1.1.1.1 వాడేవారికి సైటు వచ్చింది. మిగతా సంస్థల రిజాల్వర్లకు శనివారం మధ్యాహ్నం వరకు ఆగక తప్పలేదు. సైటు రానివారికి చీరల ఫోటోలు వాట్సాప్‌లో పంపే బాధ్యత కోడలుగారు తీసుకున్నారు.

శనివారం సాయంత్రం ఇంకొక నష్టం బయటపడింది. పాత సైటు నడుస్తూ ఉండాలని దాన్ని తీయలేదని చెప్పాను కదా, దాని ఆర్డర్ల పేజీ కూడా నడుస్తూనే ఉంది. రెండు రోజుల్లో పాత సైటు చూసినవారు ఇద్దరు అందులో ఆర్డర్లు ఇచ్చారు. ఆ ఆర్డర్లు పాత డేటాబేసులో పడ్డాయి, కొత్తదాంట్లో లేవు, దుకాణంలో ఎవరికీ తెలియదు. పాత ధరకే ఇస్తామని పెద్దాయన ఆ ఇద్దరికీ స్వయంగా ఫోను చేసి చెప్పారు. డబ్బు చేతులు మారే సైటును ఇలా రెండు చోట్ల తెరిచి ఉంచకూడదు. పాత సర్వరుకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ కొత్త సర్వరుకు మళ్ళించే ఏర్పాటు ముందే చేసి ఉంటే, పాత చిరునామా పట్టుకుని వచ్చినవారికి కూడా కొత్త దుకాణమే కనిపించేది.

మెయిల్ సంగతి మరో మూడు రోజులకు తెలిసింది. ఆర్డరు అందిందని పంపే మెయిళ్ళు కొందరికి స్పామ్‌లో పడుతున్నాయి. మెయిల్ ఎటు రావాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డునూ, ఏ సర్వర్లు మా పేరున మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డునూ నేను కొత్త జోనులో పెట్టాను. మెయిల్ మీది సంతకాన్ని సరిచూసుకునే డీకిమ్ తాళం మాత్రం రాలేదు. కారణం నేను జాబితా తయారు చేసిన తీరు. పాత జోనులో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి నాకు తోచిన పేర్లను ఒక్కొక్కటిగా బయటనుంచి అడిగాను. డీఎన్ఎస్‌లో పేరు తెలిసినవాడికే జవాబు దొరుకుతుంది, ఉన్న పేర్లన్నీ చెప్పమంటే నేమ్ సర్వర్లు మామూలుగా చెప్పవు. డీకిమ్ రికార్డు పేరును మెయిల్ సంస్థ తనకు నచ్చినట్టు పెట్టుకుంటుంది, దాన్ని ఊహించి అడగలేము. పాత సంస్థ ప్యానెల్‌లోకి వెళ్ళి జోను ఫైలును ఎగుమతి చేసుకుని ఉంటే ఒక్క నిమిషంలో దొరికేది. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి తనకు మెయిల్ పంపేవారందరికీ నియమం పెట్టింది. మాకు ఎస్‌పీఎఫ్ ఉన్నందువల్ల మెయిళ్ళు పూర్తిగా ఆగిపోలేదు.

ఇప్పుడు మేము పాటించే వరస ఇది. వారం ముందే పాత ప్యానెల్ నుంచి జోను ఫైలు ఎగుమతి చేసుకుని, కొత్త నేమ్ సర్వరులో ప్రతి వరుసనూ దానితో సరిపోల్చుకుంటాం. 'ఏ', ఎమ్ఎక్స్ రికార్డుల టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గిస్తాం. తగ్గించిన తరువాత పాత టీటీఎల్ అంతకాలం గడిచేవరకు ఆ తగ్గింపు వల్ల ఉపయోగం ఉండదు కాబట్టి ఇది మార్పిడి రోజు చేసే పని కాదు. మన జోనులో టీటీఎల్ ఎంత తగ్గించినా డాట్ కామ్ దగ్గరి రెండు రోజుల గడువు మన చేతిలో లేదని కూడా యజమానికి ముందే చెబుతాం. తరువాత డీఎస్ రికార్డు తీసేసి, ఒక రోజు నిండా గడిచాక, మొబైల్ డేటాలో ఒకసారి, 8.8.8.8లో ఒకసారి చూసుకుంటాం. అప్పుడు గానీ నేమ్ సర్వర్ల జోలికి వెళ్ళం. పాత సర్వరు మళ్ళింపు ఆ గంటకే పెడతాం. రెండు రోజుల గడువు దాటి, పాత సర్వరుకు ఎవరూ రావడం లేదని దాని లాగ్ చూసి నిర్ధారించుకున్నాకే పాత ఖాతా మూస్తాం. అనుభవజ్ఞులు సంతకం పోకుండానే రెండు వైపులా తాళాలు నమోదు చేసి మార్చగలరు, కాని దానికి పాత, కొత్త సంస్థలు రెండూ సహకరించాలి. చిన్న దుకాణాలు కొనుక్కునే హోస్టింగు పథకాలలో నాకు ఆ సహకారం దొరకలేదు.

డీఎన్ఎస్‌సెక్ ఇంత ఇబ్బంది పెట్టింది గనక తీసేసి ఊరుకుందామని ఒకరిద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. పెళ్ళి చీరకు వేల రూపాయలు ముందుగా పంపే మనిషి, తాను చూస్తున్నది నిజంగా ఆ దుకాణం పేజీయేనని నమ్మి పంపుతున్నాడు. ఆ నమ్మకానికి ఒక కాపలా ఉన్నప్పుడు దాన్ని మన సౌలభ్యం కోసం తీసేయడం తగదు. కొత్త నేమ్ సర్వర్లలో సంతకం పెట్టించి, తాళం సరిగ్గా వస్తోందని రెండు రోజులు గమనించి, ఆ పై గురువారం కొత్త డీఎస్ రికార్డును రిజిస్ట్రారు దగ్గర నమోదు చేశాను. దుకాణంలోనే కూర్చుని 8.8.8.8ను మళ్ళీ అడిగితే చిరునామాతోపాటు, సంతకం సరిచూశామని చెప్పే ఏడీ గుర్తు వచ్చింది. కోడలుగారు వైఫై తీసేసి తన ఫోనులో సైటు తెరిచి చూసుకున్నారు. జోను ఫైలు అచ్చుప్రతి ఒకటి, డీఎస్ తీసిన తేదీ, పెట్టిన తేదీ వేసి, దుకాణం లెక్కల పుస్తకంలో పెట్టించాను.